ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు రాసే ముందు

అబ్బోడా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు కడప బస్టాండులో ఉన్నాను. ఆ గోలలో సగమే వినపడింది. "చిన్నమ్మా, ఓవర్‌లోడింగ్ డెఫినిషన్ అంతా వచ్చు, ప్రోగ్రాం రాస్తే మాత్రం ఎర్రర్ వస్తాంది" అన్నావు కదా. ఇంటికొచ్చాక నింపాదిగా రాస్తున్నాను.

నీకు వచ్చిన డెఫినిషన్ తప్పేమీ కాదు. సీ ప్లస్ ప్లస్‌లో ఒకే పేరుతో ఒకటికంటే ఎక్కువ ఫంక్షన్లు రాయొచ్చు, వాటి పారామీటర్ల (ఫంక్షన్ తీసుకునే విలువల) సంఖ్య గానీ, టైపు (ఏ రకం విలువ అన్నది) గానీ, వరుస గానీ వేరుగా ఉండాలి. అసలు ఇది ఎందుకు కావాల్సి వచ్చిందో తెలిస్తే ఇంకా బాగా పట్టుబడుతుంది. సీ భాషలో మైనస్ గుర్తు తీసేసే పనికి ఇంట్ (పూర్ణ సంఖ్య) అయితే ఏబీఎస్, లాంగ్ (పెద్ద పూర్ణ సంఖ్య) అయితే ఎల్ఏబీఎస్, డబుల్ (దశాంశ సంఖ్య) అయితే ఎఫ్ఏబీఎస్ అని మూడు పేర్లు గుర్తుపెట్టుకోవాలి. చేసే పని ఒకటే, పేర్లు మూడు. సీ ప్లస్ ప్లస్‌లో మూడింటికీ ఏబీఎస్ అంటే చాలు.

మరి మన ప్రోగ్రాంను మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ వాటిని ఎట్లా గుర్తుపడుతుంది? లోపల పేర్లు మార్చుకుంటుంది. జీ ప్లస్ ప్లస్ కంపైలర్ అయితే నువ్వు పెట్టిన పేరు వెనక ఇంట్‌కు ఐ, డబుల్‌కు డి అక్షరం తగిలిస్తుంది. రెండు ఇంట్‌లు తీసుకునే 'యాడ్' వెనక రెండు ఐలు, రెండు డబుల్‌లు తీసుకునే దాని వెనక రెండు డీలు చేరతాయి. మామూలు ఫంక్షన్లకు ఆ పేరులో రిటర్న్ టైపు, అంటే ఫంక్షన్ తిరిగిచ్చే విలువ రకం, ఉండదు. పరీక్షలో అడిగే "రిటర్న్ టైపు ఒక్కటే మారిస్తే సరిపోతుందా" అన్న ప్రశ్నకు సరిపోదనే రాయి. ఫంక్షన్‌ను పిలిచి, అది ఇచ్చిన విలువను వాడకుండా వదిలేయొచ్చు కదా. అప్పుడు రెండిట్లో ఏది కావాలో కంపైలర్‌కు ఏ ఆధారమూ ఉండదు. ఈ ఎంపికంతా కంపైల్ అయ్యేటప్పుడే తేలిపోతుంది. 

ఇప్పుడు నీ ఎర్రర్. నువ్వు ఒక ఫంక్షన్ ఇంట్‌కు, ఇంకొకటి ఫ్లోట్‌కు (డబుల్ కంటే చిన్న దశాంశ రకం) రాసి 2.5 ఇచ్చావు. 2.5 ఫ్లోటే కదా అనుకున్నావు, కాదు. చివర ఎఫ్ అక్షరం లేకుండా రాసిన దశాంశ సంఖ్య డబుల్ అవుతుంది. డబుల్‌ను ఫ్లోట్‌గా మార్చినా ఇంట్‌గా మార్చినా కంపైలర్ లెక్కలో రెండూ ఒకే మెట్టు మీద ఉంటాయి. అందుకే ఎటూ తేల్చుకోలేక 'యాంబిగ్యుయస్' అని ఆపేసింది. ఫ్లోట్ తీసి డబుల్ పెట్టు, పోతుంది. దీనికి టెన్షన్ పడొద్దు, ఎర్రర్ వచ్చిందంటే కంపైలర్ నిన్ను కాపాడినట్టే.

నాకు భయమల్లా ఎర్రర్ రాని తప్పంటేనే. నేను కొత్తగా ప్రోగ్రాంలు నేర్చుకున్నప్పుడు ప్రొద్దుటూరులో మీ నాయన అంగడికి బిల్లుల ప్రోగ్రాం రాసిచ్చాను. 'బిల్లు' అని రెండు ఫంక్షన్లు పెట్టాను. ఇంట్ ఇస్తే చీరల సంఖ్య, ఒక్కో చీరకు ఫాల్ కుట్టు కూలి కలుపుతుంది. డబుల్ ఇస్తే గుడ్డ మీటర్లు, కూలి ఉండదు. రెండున్నర మీటర్లు, ఒకటిన్నర మీటర్లు ఇచ్చి చూశాను, అన్నీ సరిగ్గా వచ్చాయి. కత్తిరించి మడత పెట్టిన చొక్కా గుడ్డకు మాత్రం 2.0 అనకుండా 2 అని రాసేశాను. కంపైలర్ దాన్ని రెండు చీరలుగా తీసుకుంది. ఒక్క వార్నింగు కూడా రాలేదు. చొక్కా గుడ్డ కొన్న ఒక పెద్దాయన బిల్లు పట్టుకుని తిరిగొచ్చి, ఈ కూలి ఎందుకు వేశారని అడిగాడు. మీ నాయన డబ్బు వెనక్కిచ్చి, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి పాత బిల్లులన్నీ తీసి ఒక్కొక్కటే చూశాను.

అప్పటి నుంచి నేను ఒకటే చూస్తాను. రెండు ఫంక్షన్లు చేసే పని నిజంగా ఒకటేనా? ఏబీఎస్ ఇంట్‌కైనా డబుల్‌కైనా ఒకటే పని చేస్తుంది, పొరపాటున పక్కదానికి పోయినా అర్థం మారదు. చీరలు లెక్కపెట్టడం, గుడ్డ కొలవడం అట్లా కాదు. వాటికి 'చీర బిల్లు', 'గుడ్డ బిల్లు' అని వేరే పేర్లు పెట్టాల్సింది. సీ ప్లస్ ప్లస్ తొలి రోజుల్లో ఇట్లా ఒకే పేరు వాడాలంటే ముందుగా 'ఓవర్‌లోడ్' అనే కీవర్డ్ రాయాల్సి వచ్చేది, తర్వాత తీసేశారు. ఇప్పుడు నిన్ను అట్లా ఆపి అడిగేది ఏదీ లేదు, నువ్వే అడుక్కోవాలి.

ఇంకోటి, వచ్చే ఏడు పైథాన్ నేర్పిస్తారట కదా. అందులో అదే పేరుతో రెండో ఫంక్షన్ రాస్తే మొదటిది చెరిగిపోతుంది. అక్కడ ఈ పద్ధతి వాడబోకు.

ఈ రాత్రికి నీ పాత ప్రోగ్రాంనే తీయి. ఇంట్‌కు ఒకటి, ఫ్లోట్‌కు ఒకటి అట్లాగే ఉంచి 2, 2.0, 2.5, చివర ఎఫ్ పెట్టిన 2.5, ఈ నాలుగూ ఒక్కొక్కటిగా ఇచ్చి చూడు. ఏది ఎటు పోతుందో ముందే కాగితం మీద రాసుకో. రెండిటికి ఎర్రర్ రావాలి. ఏ రెండిటికో ఆదివారం ఫోన్ చేసి చెప్పు, ఈసారి ఇంట్లోనే ఉంటాను.

మీ చిన్నమ్మ
కడప