గోదావరి డెల్టాలో నీళ్లకు లోటు లేదు కదా, అక్కడి రైతుకి వాతావరణంతో ఇబ్బందేంటి?

కాలవ ఉందిగా, ఇంకేం కష్టం అని హైదరాబాదులో ఉన్న మా చుట్టాలు కూడా అడుగుతుంటారు. అమలాపురం దగ్గర మాకు ఎకరంన్నర సొంతం, ఇంకో రెండెకరాలు కౌలు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది చెబుతానండి. నీళ్లు రావడం మాకెప్పుడూ సమస్య కాదు. వచ్చిన నీళ్లు పోకపోవడమే కష్టమంతా.

2023 సంగతే చూడండి. దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లో అతి తక్కువ వాన పడిన ఆగస్టు ఆ ఏడాదిదే. అప్పుడు కూడా మాకు ధవళేశ్వరం నుంచి కాలవ నిండుగా వచ్చింది. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేసిన పుణ్యం అది. మమ్మల్ని దెబ్బ తీసింది అంతకు ముందు, జూలై చివర్లో పట్టిన ముసురు. ఆకుమడి నాలుగు రోజులు నీళ్ల కింద ఉండి కుళ్లిపోయింది. మెరక ఊళ్లో మిగిలిన ఆకు కొనుక్కొచ్చి ఊడ్చేసరికి ఆగస్టు రెండో వారం. మేం వేసేది స్వర్ణ, మారుటేరు రకం, గింజ నుంచి గింజకి సుమారు 150 రోజులు. కార్తీకం మొదట్లో కోయాల్సిన చేను నవంబరు నెలాఖరుకి జరిగింది. బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే రోజులవి.

నవంబరు 30న కోశాం. పనలు, అంటే కోసి చేలో పరిచిన వరి, మూడు నాలుగు రోజులు ఎండితే గానీ కుప్ప వెయ్యలేం. ఆదివారం నాటికి ఫోన్ల నిండా మిచాంగ్ తుపాను కబుర్లే. ఇంటిల్లిపాదీ వెళ్లి రెండెకరాల పనలు మోసి కుప్ప వేసి బరకం కప్పాం. మిగతాది చేలోనే ఉండిపోయింది. సోమవారం వాన మొదలైంది. మంగళవారం తుపాను తీరం దాటింది ఎక్కడో బాపట్ల దగ్గర, ఇక్కడ మా చేలో మోకాల్లోతు నీళ్లు. "ఒరేయ్, గట్టు మీదకి లాగెయ్యండ్రా" అని నాన్న కేకలు. తడిసిన పన ఎంత బరువుంటుందో ఎత్తినవాళ్లకే తెలుస్తుంది. ఎత్తుతుంటే కంకుల్లోంచి గింజలు నీళ్లలోకి జలజలా రాలిపోతున్నాయి.

బుధవారం వాన తెరిపిచ్చింది. నీళ్లు మాత్రం తగ్గలేదు సరికదా, నాలుగు వేళ్లు పెరిగాయి. మురుగు కాలవ పొంగి మా బోదెలోంచి, అంటే చేలోంచి నీళ్లు పోయే చిన్న కాలవలోంచి, చేలోకి ఎగదన్నింది. వెళ్లి చూస్తే కాలవంతా గుర్రపు డెక్క కలుపు, కుక్క నడిచి అవతలి గట్టుకి పోయేంత దట్టంగా. నీళ్లు తీయడానికి ఐదు రోజులు పట్టింది. ఆరో రోజు కంకి చేతిలోకి తీసుకుంటే ప్రతి గింజ మొననా తెల్లటి మొలక, సూది మొనంత. పన మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, పులిసిన వాసన. లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు కలిపి కొడితే మొలక ఆగుతుందని చెబుతారు, నిజమే, ఆగుతుంది. కాకపోతే మొలకెత్తక ముందు కొట్టాలి. మెడలోతు పని మధ్యలో మాకు ఆ ఆలోచనే రాలేదు.

మా బాబాయి చేను కాలవకి ఎగువన ఉంది. అదే వాన, అదే స్వర్ణ, అదే రోజు కోత. అక్కడ నీళ్లు రెండో రోజుకే లాగేశాయి. ఆయన వడ్లు మద్దతు ధరకి పోయాయి, 75 కిలోల బస్తా 1,637 రూపాయలు. మావి తేమ 17 శాతం దాటిందనీ రంగు మారిందనీ తిప్పి తిప్పి చివరికి 1,300కి తీసుకున్నారు. ఒకచోట తేమ మిషన్ 22 చూపించిన వడ్లు ఇంకోచోట 25 ఎలా చూపిస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అది కూడా ఎకరానికి పదకొండు బస్తాలే. కౌలు చేలో వచ్చిన బస్తాలు ఆసామికి కట్టాల్సిన మక్తాకే చాల్లేదు. నష్టపరిహారం అంటారా, దానికి కౌలు కార్డు ఉండాలి, అప్పుడు 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకి భూమి ఆసామి సంతకం పెట్టాల్సి ఉండేది. ఎంతమంది పెడతారు? మా ఆసామి పెట్టలేదు.

అందుకే నేను ఎవరితోనైనా వాదిస్తాను, మా నష్టంలో ముప్పాతిక వంతు మురుగు కాలవ వల్లే. టీవీ వాళ్లు నీళ్లలో నిలబడి తుపాను, తుపాను అంటారు. ఆ నీళ్లు ఎందుకు నిలబడ్డాయని ఒక్కరైనా అడగరు. 2011లో కోనసీమ రైతులు సాగు మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు ధరలు, కూలీ ఖర్చులు పెద్ద కారణాలే, కాదనను. మా చేల వైపు మాత్రం గట్టు మీద నలుగురు కూర్చుంటే మురుగు మాటే ముందు వచ్చేది. డెల్టా నేల పళ్లెంలా ఉంటుంది, వాలు చాలా తక్కువ. పోటు సమయంలో సముద్రం నీళ్లు తీసుకోదు. కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేస్తే ఇంక చెప్పక్కర్లేదు. పైగా కాలవ గట్లని ఆనుకుని చేపల చెరువులు తవ్వేశారు.

దాళ్వా, అంటే రబీ పంట, బాధ వేరు. ఎగువన సీలేరు నుంచి వదిలే నీళ్లు కలిస్తే గానీ శివారు చేలు తడవవు. ఈనిక ఆలస్యమై ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో పడిందంటే తాలు గింజలే. అయినా దాళ్వాలో నాలుగు డబ్బులు కళ్లజూస్తాం, సార్వాలోనే, అంటే ఖరీఫ్‌లోనే, మునిగేది.

మొన్న వేసవిలో పదకొండు మంది రైతులం ఎకరానికింత అని వేసుకుని, పొక్లెయిన్ పెట్టి మా వైపు కాలవ కిలోమీటరు దాకా తీయించాం. తీసిన గుర్రపు డెక్క గట్టు మీద ఎండి ఎరువైంది. దిగువ ఊరి వాళ్లు వాళ్ల వైపు తీయించలేదు. ఆగస్టులో పోయి చూస్తే అటు నుంచి అల్లుకుంటూ మా తూము దాకా వచ్చేసింది.