బిళ్ళ గన్నేరు ఆకు నమిలితే షుగర్ తగ్గుతుందా?

మీ నాన్నగారికి షుగర్ ఉందని, కావలిలో తెలిసినవాళ్ళు రోజూ పరగడుపున బిళ్ళ గన్నేరు ఆకులు నమలమంటున్నారని, క్యాన్సర్ మందే దాన్నుంచి తీశారంటే సైన్స్ ఒప్పుకున్నట్టే కదా అని అడిగారు. వద్దండీ. క్యాన్సర్ మందు అందులోంచి వచ్చింది కాబట్టే నమలకూడదు.

నెల్లూరులో ఎంఫార్మసీ చేసేటప్పుడు నా ప్రాజెక్టు ఈ మొక్క మీదే. మైపాడు వైపు ఇసుక నేలల్లో ఎవరూ నీళ్ళు పోయకపోయినా గుబురుగా పెరుగుతుంది. ఆ ఆకు కోసుకొచ్చి, నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో మిథనాల్ అనే ద్రావకంతో గంటల తరబడి సారం తీస్తే, చివరికి ఫ్లాస్కు అడుగున తారులా అంటుకునే ముద్ద మిగిలేది. ఆ ముద్ద ఒక్క పదార్థం కాదు, ఈ మొక్కలో ఆల్కలాయిడ్లే (శరీరం మీద గట్టిగా పనిచేసే మొక్కల రసాయనాలు) వందకు పైగా ఉన్నాయి. కలిసిపోయిన పదార్థాలను విడదీసి చూపించే టీఎల్‌సీ ప్లేటు మీద చుక్క పెట్టి యూవీ లైటు కింద చూస్తే వరసగా మచ్చలు కనిపిస్తాయి, ఎండాకాలం కోసిన ఆకుకీ వానలు పడ్డాక కోసిన ఆకుకీ ఆ మచ్చల్లో తేడా ఉండేది. మరి నాన్నగారు నమిలే నాలుగాకుల్లో ఏది ఎంతుందో ఎవరు చెప్పాలి?

అసలు ఆ పరిశోధన మొదలైందీ షుగర్ కోసమే. జమైకాలో షుగర్‌కి వాడుతున్నారని 1952లో ఒక పేషెంటు ఈ ఆకులు కెనడాలోని డాక్టరుకి పంపితే, ఆయన తమ్ముడు రాబర్ట్ నోబుల్ ఎలుకల మీద పరీక్షించాడు. నోటి ద్వారా ఇస్తే షుగర్ తగ్గలేదు. ఇంజెక్షన్ ఇస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్లు వచ్చి ఎలుకలు చచ్చిపోయాయి. అయితే తెల్ల కణాలు అదుపు లేకుండా పెరిగే బ్లడ్ క్యాన్సర్‌కి పనికొస్తుందేమోనని చార్లెస్ బీర్‌తో కలిసి వెతికి 1958లో విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందును ప్రకటించారు. ఆ తర్వాత వచ్చిన విన్‌క్రిస్టిన్‌ను పిల్లల లుకేమియాకి (బ్లడ్ క్యాన్సర్‌కి) ఇప్పటికీ వాడుతున్నారు. 1 గ్రాము విన్‌బ్లాస్టిన్ కావాలంటే దాదాపు 500 కిలోల ఎండాకు కావాలి. విన్‌క్రిస్టిన్ అయితే పెద్దవాళ్ళకి కూడా డోసు మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, అదీ రక్తనాళంలోకే, అంత జాగ్రత్తగా ఇచ్చినా కాళ్ళూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయి. షుగర్ వాళ్ళకి అసలే నరాల బాధ ఎక్కువ.

ఈ ఆకు సారంతో ఎలుకల్లో షుగర్ తగ్గిందనే పేపర్లు తర్వాత వచ్చాయి, లేవనను. కానీ ఎలుకకి తగ్గడం వేరు, మనిషికి ఎంత ఇస్తే మేలు, ఎంత దాటితే కీడు అని తేల్చడం వేరు.

నాన్నగారు వేసుకునే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ అయితే దాని మూలం కూడా మొక్కే. యూరప్‌లో గాలెగా అనే మొక్కలోని గాలెజిన్ అనే రసాయనం షుగర్ తగ్గించేది గానీ విషం. దాన్ని అలాగే మింగించకుండా, అలాంటి రసాయనాలే ల్యాబులో తయారుచేసి, ఒక్కోటి పరీక్షించి చూస్తే మెట్‌ఫార్మిన్ నిలబడింది. 1957లో ఫ్రాన్స్‌లో జీన్ స్టెర్న్ దాన్ని షుగర్ పేషెంట్లకి వాడిన ఫలితాలు ప్రచురించాడు. మొక్క మీద నమ్మకం ఉంటే ఆ మాత్ర మానకుండా వేసుకోమనండి.

ఇప్పటికే నమలడం మొదలుపెట్టి ఉంటే ఈరోజే ఆపించి, డాక్టరుకి ఆ సంగతి దాచకుండా చెప్పి, షుగర్‌తో పాటు సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) కూడా చేయించండి.