క్యాన్సర్ లెక్కలు తేల్చడానికి డాక్టరే కానక్కర్లేదు

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎస్సీ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్) ఫైనలియర్ చదువుతోంది. తోటివాళ్లంతా అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సుల్లో చేరుతుంటే, తను మాత్రం క్యాన్సర్ డేటా మీద పరిశోధన చేస్తానంటోంది. డాక్టర్ కాని పిల్లకు ఇందులో భవిష్యత్తు ఉంటుందా? - ఒక తండ్రి, కొత్తపేట

జవాబు: తప్పకుండా ఉంటుందండీ. ఏ ప్రాంతంలో, ఏ వయసువాళ్లకు ఏ క్యాన్సర్ ఎక్కువగా వస్తోంది, వైద్యం తర్వాత ఐదేళ్లకు ఎంతమంది బతికి ఉంటున్నారు అన్నది తేల్చే పని ఇది. దీన్ని ఎపిడెమియాలజీ అంటారు. డాక్టర్లు ఎంత అవసరమో, లెక్కలు తెలిసినవాళ్లూ ఇక్కడ అంతే అవసరం.

అయితే కోడింగ్ వస్తే చాలనుకోవద్దు. క్యాన్సర్ కేసులను నమోదు చేసేందుకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం మొదలుపెట్టింది. హైదరాబాద్ రిజిస్ట్రీ నిమ్స్‌లో ఉంది. అందులో ఒక్క కేసు ఎలా నమోదవుతుందో మీ అమ్మాయి ముందు అర్థం చేసుకోవాలి. ఒకావిడకు బయాప్సీ ఓ ల్యాబ్‌లో, ఆపరేషన్ ఓ ప్రైవేటు ఆస్పత్రిలో, రేడియేషన్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో జరిగిందనుకోండి. ఒకచోట లక్ష్మి, ఇంకోచోట మహాలక్ష్మి, మరోచోట ఇంటిపేరుతో సహా రాస్తారు. వయసు ఒకచోట 52, ఇంకోచోట 55. ముగ్గురూ ఒకరేనని పట్టుకోకపోతే లెక్క తప్పినట్టే. వైద్యం కోసం నల్గొండ నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో చుట్టాలింటి అడ్రస్ ఇచ్చినవాళ్లను హైదరాబాద్ ఖాతాలో వేయకూడదు. కనీసం ఏడాదిగా ఇక్కడ ఉంటున్నవాళ్లనే లెక్కిస్తారు. ఇక మరణ ధ్రువపత్రంలో చాలాసార్లు గుండె ఆగి చనిపోయారనే ఉంటుంది, క్యాన్సర్ ఊసే ఉండదు. అందుకే ఇంటివాళ్లకు ఫోన్ చేసి కనుక్కోవాల్సి వస్తుంది. ఈ ఓపిక లేనివాళ్లకు పైథాన్ ఎంత బాగా వచ్చినా ఈ రంగం పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

పోలికల దగ్గరా జాగ్రత్త కావాలి. పెద్దవయసువాళ్లు ఎక్కువగా ఉన్న కేరళలో కేసులూ ఎక్కువే కనిపిస్తాయి. వయసు తేడాను సరిచేశాకే తెలంగాణతో పోల్చాలి.

చదువు విషయానికొస్తే, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేయొచ్చు. వెల్లూరు సీఎంసీ వైద్య కళాశాలలో బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య డేటాకు వాడే స్టాటిస్టిక్స్), ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్‌లో బయోస్టాటిస్టిక్స్-డెమోగ్రఫీ (జనాభా శాస్త్రం) ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) కూడా ఉంది. నన్నడిగితే ముందు స్టాటిస్టిక్సే చేయమంటాను. ప్రజారోగ్యం తర్వాతైనా నేర్చుకోవచ్చు, గణితం పునాది అలా కాదు.

జీతం సంగతి మీ దగ్గర దాచను. ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో మొదట్లో చాలావరకు ప్రాజెక్టు పోస్టులే, అవీ కాంట్రాక్టు మీద. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాళ్ల కంటే మొదటి కొన్నేళ్లు తక్కువే వస్తుంది. స్థిరమైన పరిశోధన ఉద్యోగానికి పీహెచ్‌డీ దాదాపు తప్పదు. అంతవరకు ఆగలేని పరిస్థితి ఇంట్లో ఉంటే, నగరంలోని ఫార్మా, క్లినికల్ రిసెర్చ్ కంపెనీల్లో బయోస్టాటిస్టిక్స్ వాళ్లకు అవకాశాలున్నాయి. లెక్కలు విశ్లేషించే సాఫ్ట్‌వేర్లు శాస్ (SAS), ఆర్ (R) వస్తే మేలు.

ఈ సెలవుల్లో ఆర్ నేర్చుకుని, దేశాలవారీ క్యాన్సర్ లెక్కలుండే గ్లోబల్ క్యాన్సర్ అబ్జర్వేటరీ వెబ్‌సైట్ తెరవమనండి. 2022లో భారత్‌లో సుమారు 14 లక్షల కొత్త కేసులని అందులో ఉంటుంది. అది అంచనా మాత్రమే. ఆ అంచనా ఎలా కట్టారో చదివి, నోటి క్యాన్సర్ ఆడా మగల్లో ఎలా ఉందో ఒక్క గ్రాఫ్ గీసి, తనకు అర్థమైంది రెండు పేజీలు రాయమనండి. అది రాశాక కూడా ఇదే చేస్తానంటే సీపీగెట్ ఫీజు కట్టేయండి.