సమాధుల మీద రాతలు చదివే అబ్బాయికి ఉద్యోగం ఎక్కడుంది?

ప్రశ్న: మాది గుత్తి. నేను రైల్వేలో పనిచేస్తున్నాను. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఆదివారం వస్తే కోట కింద ఇంగ్లీషు దొరల సమాధుల దగ్గరో, ఏదో పాడుబడ్డ గుడి దగ్గరో ఉంటాడు. రాళ్ల మీద ఉన్నదంతా నోటుపుస్తకంలో ఎక్కిస్తాడు. ఇంజినీరింగ్ వద్దు, చరిత్ర చదువుతానంటున్నాడు. ఈ చదువుతో బతకగలడా?

జవాబు: అయ్యా, బతకగలడు. కానీ ఉత్త చరిత్ర డిగ్రీతో మాత్రం కష్టం. ఎం.ఏ. చరిత్ర పట్టా ఉన్నవాళ్లకు ఈ రాష్ట్రంలో కొదవ లేదు. వాళ్లంతా చేరేది ఒకే వరుసలో: బీఈడీ చేసి బడిపంతులు, నెట్ రాసి కళాశాల అధ్యాపకుడు, లేదంటే గ్రూప్స్ పరీక్షలు. అవి మంచి ఉద్యోగాలే. అయితే వాటికి సమాధుల వెంట తిరగనక్కర్లేదు.

మీ అబ్బాయికి ఉన్నది వేరే పిచ్చి. అది నిలబడే పిచ్చో కాదో తేల్చుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. పాతిపెట్టింది మీ గుత్తిలోనే. తర్వాత, 1831లో, అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఈ మాట ముందే చెప్పకుండా, మన్రో ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కోమనండి. రాయి మీద ఉన్నది రాసుకుని సంతృప్తి పడితే అది సరదా. రాయి చెప్పినదాన్ని కాగితంతో సరిచూస్తానని బయలుదేరితే, ఆ బుద్ధి చదువు వల్ల వచ్చేది కాదు. దాన్ని వదులుకోవద్దు.

ఇక ఉద్యోగాలు. భారత పురావస్తు శాఖకు శాసనాల విభాగం మైసూరులో ఉంది. అరబిక్, పర్షియన్ శాసనాలకు నాగపూరులో వేరే కార్యాలయం ఉంది. గ్రేటర్ నోయిడాలో అదే శాఖ నడిపే సంస్థలో పురావస్తు శాస్త్రంలో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. సీట్లు చాలా తక్కువ, వయసు పరిమితి కూడా ఉంది. ఆ పక్కనే మ్యూజియంలు, పాత పత్రాల భాండాగారాలు. పోస్టులు ఎప్పుడో గాని పడవు, ఈ సంగతి దాచను. పడినప్పుడు మాత్రం పోటీ ఇంజినీరింగ్ కొలువులకు ఉన్నట్టు ఉండదు, ఎందుకంటే వాటికి కావలసింది లిపులు చదవగల మనిషి. కర్నూలు, కడప నవాబుల కాలపు సమాధుల మీద పర్షియన్, అరబిక్ రాతలుంటాయి. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుల శాసనం ఉంది. దొరికిన తెలుగు శాసనాల్లో అతి పాతదిగా చెప్పేది అదే, కాలం 575 ప్రాంతం. ఇవాళ్టి అక్షరాలు వచ్చినంత మాత్రాన దాన్ని చదవలేం. డిగ్రీ ఏదైనా చేయనివ్వండి, దానితో పాటు ఉర్దూ, ఆ మీద పర్షియన్, లేదా సంస్కృతంతో పాటు పాత తెలుగు-కన్నడ లిపి, వీటిలో ఒక దారి ఇప్పుడే పట్టుకోమనండి. నా సలహా మొత్తంలో దీన్నొక్కదాన్నే పాటించినా చాలు.

మీకూ అతనికీ కుదిరే మధ్యేమార్గం ఒకటుంది. గుత్తి నుంచి పత్తికొండ దారిలో, ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. 1929లో వాటిని గుర్తించిన అనూ ఘోష్ చరిత్రకారుడు కాదు, భూగర్భ శాస్త్రవేత్త. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1884లో తవ్వించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ కూడా అదే వృత్తివాడు. అక్కడ తవ్వకం పని చూసింది ఆయన కొడుకు, ఈ సంగతి మీకు నచ్చుతుందనుకుంటాను. ఎంపీసీ పిల్లవాడు బీఎస్సీ, ఎంఎస్సీ జియాలజీ చదివితే ఆ నోయిడా డిప్లొమాకు దారి మూసుకుపోదు. అది రాకపోయినా గనులు, భూగర్భ జలాల వైపు ఉద్యోగాలుంటాయి. నేనైతే మీ అబ్బాయికి ముందు చెప్పేది ఇదే. కాదు, చరిత్రే అంటే తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో గాని, కడప యోగి వేమనలో గాని పురావస్తు శాస్త్రం కూడా నేర్పే విభాగాలున్నాయి. గైడుగా, రచయితగా బతుకుతానంటే అది రెండో ఆదాయంగానే చూడాలి.

ఈ ఏడాది పరీక్షలు అయ్యేదాకా నోటుపుస్తకం మూసేయమనండి. వేసవిలో ఒకసారి కడప బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్లండి. సర్వేయరు మెకంజీ దొర కాలంలో ఊరూరా రాయించిన కైఫియత్తులు, అంటే ఊరి చరిత్ర వివరాలు, ఆ సంస్థ అచ్చు వేసింది. తాను చూసిన ఊళ్లలో ఒకదాని కైఫియత్తు చదివి, రాళ్లతో పోల్చి పది పేజీలు రాస్తే, రేపు ఏ ప్రొఫెసరు ముందైనా పెట్టవచ్చు.

తిరగడం గురించి కూడా చెప్పాలి. సీమలో గుప్తనిధుల తవ్వకాల బెడద మీకు తెలియనిది కాదు. పాడుబడ్డ గుడి దగ్గర ఒంటరిగా కనిపించే కుర్రవాడిని ఊరివాళ్లు ముందు ఆ కంటితోనే చూస్తారు. వాళ్ల తప్పు కూడా లేదు. అందుకని వెళ్లే ముందు ఊరి పెద్దలకో, సర్పంచికో చెప్పాలి, తోడుగా ఒకరుండాలి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. అక్షరాలు కనిపించడానికి సున్నం, సుద్ద పూయకూడదు. ఏటవాలుగా పడే పొద్దుటి ఎండలో ఫోటో తీస్తే చాలా వరకు వాటంతటవే తేలతాయి. నేలలో నాణెమో నగో దొరికితే జేబులో వేసుకోవద్దని గట్టిగా చెప్పండి. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల కంటే ఎక్కువ విలువ చేసేది ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ముందుగా తహసీల్దారు కార్యాలయానికి మీరే వెంట వెళ్లండి.