తిరుమల ఘాట్‌లో బండిని చూసి డ్రైవరును అంచనా వేయొచ్చా?

"స్కార్పియో అంటే దురుసు, ఆల్టో అంటే భయం, ఎల్లో బోర్డు అంటే తొందర" అని తిరుపతిలో చాలామంది అనుకుంటారు. మనుషుల విషయంలో అది నిజం కాదు. దారివ్వని ఒక్క స్కార్పియో గుర్తుంటుంది, పద్ధతిగా పోయిన ఇరవై గుర్తుండవు.

బండ్ల తేడా మాత్రం ఉంది. ఎత్తు సీట్లో కూర్చుంటే వేగం తక్కువగా అనిపిస్తుంది, కాబట్టి ఎస్‌యూవీలో స్పీడోమీటర్ చూస్తూ ఉండాలి. చిన్న ఇంజన్ ఐదుగురితో, ఏసీతో ఎక్కలేక సెకండ్ గేరులో పోతుంది. అది భయం కాదు. టాక్సీకి ట్రిప్పులే ఆదాయం.

దిగేటప్పుడు కాలిన వాసనొస్తే "ఆటోమేటిక్ వాళ్లకు తోలడం రాదు" అనేస్తారు. అసలు తప్పు గేరును 'డి'లో (మామూలుగా నడిపే డ్రైవ్ మోడ్‌లో) వదిలేసి బ్రేకు మీదే కాలుంచడం. 'ఎల్' (లో గేరు)లోనో, మాన్యువల్ మోడ్‌లో రెండో గేరులోనో పెడితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. గేరు బండినైనా సెకండ్‌లోనే దించండి, న్యూట్రల్ అసలొద్దు. పాత బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని త్వరగా మరుగుతుంది, అప్పుడు పెడల్ మెత్తగా దిగిపోతుంది. రెండేళ్లకోసారి మార్పించండి. వాసనొస్తే వెడల్పు చోట ఆపి 20 నిమిషాలు చల్లారనివ్వండి, డిస్కుల మీద నీళ్లు పోయకండి.