పిల్ల గుర్రానికి జీను ఎప్పుడు, ఎలా? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: చేవెళ్ల దగ్గర మా మామిడి తోటలో ఒక మార్వాడీ ఆడ గుర్రపు పిల్లను పెంచుతున్నాను. దానికి రెండేళ్లు దాటాయని అమ్మినవారు చెప్పారు. తలతాడు వేయనిస్తుంది, చేతిలోని ఉలవలు తింటుంది, కానీ వీపు మీద గోనెపట్టా వేస్తే బెదిరి తన్నుతుంది. తెలిసిన సైసు (గుర్రాల సంరక్షకుడు) ఒకాయన, కట్టేసి జీను బిగించి వదిలేస్తే తన్నుకొని తన్నుకొని అదే లొంగుతుందని అంటున్నారు. మలక్‌పేటలో రేసు గుర్రాలు రెండేళ్లకే పరుగెడుతున్నప్పుడు, నేను దీన్ని ఇప్పుడే ఎక్కకూడదా?
– ఒక పాఠకుడు, రంగారెడ్డి జిల్లా

సమాధానం: కట్టేసి బిగించే ఆలోచనను దయచేసి పూర్తిగా విరమించుకోండి. గుర్రం వేటకు గురయ్యే జంతువు కాబట్టి, వీపు మీదికి హఠాత్తుగా వచ్చి అతుక్కున్నది ఏదైనా దానికి ప్రాణభయమే కలిగిస్తుంది. తన్నుకొని తన్నుకొని చివరకు కదలకుండా నిలబడిన గుర్రం జీనును ఒప్పుకున్నట్టు కాదు, తప్పించుకునే దారి లేదని అలసి ఆగిందంతే. ఆ భయం తరువాత ఎక్కడో ఒక రోజు, మీరు వీపు మీద ఉన్నప్పుడు, బయటపడుతుంది.

ఇక వయసు సంగతి. అమ్మినవారి మాటతో సరిపెట్టుకోకుండా పళ్లు చూడండి: ముందు వరుసలో మధ్యనున్న పాలపళ్లు సుమారు రెండున్నర ఏళ్లకు, వాటి పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు ఊడి కొత్తవి వస్తాయి. ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తని పొరలు కాళ్లలో కింది నుంచి పైకి గట్టిపడుతూ వస్తాయి. గిట్టకు దగ్గరగా ఉన్నవి ఏడాదిలోపే ముగిసినా, ముందు కాలి మోకాలికి సరిగ్గా పైనున్నవి రెండు, రెండున్నర ఏళ్ల దాకా తెరిచే ఉంటాయి, వెన్నుపూసల్లోవి అయిదారేళ్లకు గాని పూర్తికావు. రేసు గుర్రాల మీద తేలికైన జాకీలు కొద్ది నిమిషాలు మాత్రమే ఉంటారు, ప్రతిరోజూ వాటిని పరీక్షించే మనుషులుంటారు, అయినా రెండేళ్ల రేసు గుర్రాల్లో ముందు కాళ్ల నలీ ఎముక (మోకాలి కింది పొడవాటి ఎముక) నొప్పి సర్వసాధారణం. మీకు ఆ తొందర లేదు. మూడేళ్లు నిండాక తేలికైన మనిషితో కొద్ది నిమిషాలు, నాలుగేళ్లు దాటాక అసలు స్వారీ అన్నది నా సలహా. అలాగని ఇప్పుడు కొట్టంలో కట్టి ఉంచకూడదు, ఎందుకంటే చిన్న వయసులో స్వేచ్ఛగా తిరిగితేనే ఎముకలు బలపడతాయి.

ఈ ఏడాదంతా నేల మీద నిలబడి నేర్పండి. మూడు, నాలుగు మీటర్ల నూలు తాడు తీసుకోండి, దాన్ని ఎన్నడూ చేతికి చుట్టుకోకండి. భుజం మీద వేళ్లతో మెల్లగా నొక్కండి. పిల్ల బరువును అవతలి కాలి మీదికి కొంచెం మార్చిన క్షణంలోనే చేయి తీసేయండి. గుర్రం నేర్చుకునేది మీరు నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు. ఆలస్యంగా వదిలితే, ఆ క్షణంలో అది చేస్తున్న పనే సరైనదనుకుంటుంది. ఈ ఒక్క పద్ధతితోనే నడవడం, ఆగడం, రెండడుగులు వెనక్కి వేయడం, వెనక భాగం పక్కకు జరపడం అన్నీ వస్తాయి. ఎడమ వైపు నేర్పినది కుడి వైపు మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. కళ్లు తలకు ఇరుపక్కలా ఉండడం వల్ల సరిగ్గా వెనక, నుదుటికి మరీ ముందు ఉన్నది దానికి కనిపించదు, అందుకని ఎప్పుడూ భుజం వైపు నుంచే దగ్గరికి వెళ్లండి. రోజుకు పది, పదిహేను నిమిషాలు చాలు, అదీ ఎండాకాలంలో తెల్లవారుజామునే. పొడవాటి తాడుతో గుండ్రంగా తిప్పడం చాలామందికి ఇష్టమే గాని, చిన్న చుట్లు లేత కీళ్లకు భారం. దానికి బదులు తోట దారుల్లో, ట్రాక్టరు పక్కగా, నేలమీద పరిచిన కర్రల మీదుగా నడిపించండి.

గోనెపట్టా భయానికి ముందు పశువైద్యుడి చేత వీపు పరీక్ష చేయించండి, ఎందుకంటే నొప్పి ఉన్న చోట శిక్షణ పనిచేయదు. నొప్పి లేకపోతే మడిచిన తువ్వాలును వాసన చూడనిచ్చి, భుజం మీద ఒకసారి రాసి, అది నెమ్మదిగా ఉండగానే తీసేయండి. బెదిరాక తీస్తే బెదరడమే నేర్పినట్టు. మార్వాడీ గుర్రం చెవుల కొనలు లోపలికి వంగి దాదాపు కలుస్తాయి, ఎంతో అందమైనవి. అవి ఎటు తిరిగితే అటే దాని ధ్యాస. తల దించి దీర్ఘంగా ఊపిరి వదిలితే ముందుకు సాగండి. తల ఎత్తి ఊపిరి బిగపడితే ఒక మెట్టు వెనక్కి రండి. తువ్వాలు వీపంతా తిరిగాక పొట్ట చుట్టూ వెడల్పాటి పట్టీ కట్టి, ఒక్కో రంధ్రం చొప్పున బిగిస్తూ మధ్యమధ్యలో నాలుగడుగులు నడిపించండి. ఆ తరువాతే రికాబులు (పాదాలు పెట్టుకునే కడియాలు) తీసేసిన తేలికపాటి జీను. అది మూపునూ వెన్నెముకనూ తాకకూడదు. పిల్ల పెరిగే కొద్దీ వీపు ఆకారం మారుతుంది గనుక కొన్ని నెలలకొకసారి మళ్లీ సరిచూడండి.

ప్రశ్న: ముళ్ల కళ్లెం లేనిదే గుర్రం ఆగదని మా ఊరివారు అంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: కాదు. నోటి నొప్పితో తల ఎగరేసే గుర్రం ఇంకా వేగంగా పారిపోతుంది. బరువు లాగే, మోసే జంతువులపై క్రూరత్వాన్ని నివారించే 1965 నాటి కేంద్ర నియమాలు ముళ్లున్న కళ్లేలను నిషేధించాయి. పైన చెప్పినట్టు తలతాడుతోనే ఆగడం నేర్పి, పళ్లు పరీక్ష చేయించి, ఆ తరువాత నునుపైన కళ్లెం వేయండి.

ప్రశ్న: మా మన్యంలో సరుకులు గుర్రాల మీదే కొండెక్కుతాయి. రెండేళ్ల పిల్లకు ఎంత బరువు వేయవచ్చు?
– ఒక పాఠకురాలు, పాడేరు

సమాధానం: ఇప్పుడు బరువు వేయకండి. ఖాళీ గంత (సరుకు కట్టేందుకు వీపు మీద వేసే మెత్త) వేసి, పెద్ద గుర్రం వెనకే అదే దారిలో నడిపించండి, దారీ గంతా రెండూ అలవాటవుతాయి. ఎదిగిన పొట్టి గుర్రానికి కూడా ఆ 1965 నియమాలు విధించిన హద్దు 70 కిలోలు, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా పని చేయించకూడదని కూడా అవే చెబుతున్నాయి. బరువు రెండు వైపులా సమానంగా, వెన్నెముక మీద కాక పక్కటెముకల మీద ఆనేలా కట్టండి. దిగగానే గంత విప్పి, వీపు మీద చెమట పట్టని పొడి మచ్చలున్నాయేమో చూడండి. ఉంటే అక్కడ ఒత్తిడి ఎక్కువవుతోందని అర్థం, మరుసటి రోజుకు ముందే మెత్తను సరిచేయాలి.