బుర్జ్ ఖలీఫా మీదకి కాంక్రీటు ఎలా ఎక్కింది? అక్కడ రాడ్లు కట్టినవాడి జవాబు

మీరు అడిగింది: 828 మీటర్ల భవనం పైకి కాంక్రీటు ఎలా తీసుకెళ్లారు, ఆ పనిలో తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

ఉన్నారు. నేనే ఉన్నాను. 2005 చివరి నుంచి 2007 డిసెంబరు దాకా అక్కడ స్టీల్ ఫిక్సర్‌గా చేశాను. మన దగ్గర రాడ్ బెండింగ్ అంటామే, ఆ పని. మాది జగిత్యాల దగ్గర పల్లె, అప్పట్లో కరీంనగర్ జిల్లా. భవనం పేరు కూడా అప్పుడు బుర్జ్ దుబాయ్. 2010 జనవరి 4న ప్రారంభించిన రోజునే బుర్జ్ ఖలీఫా అని మార్చారు. నా నోటికి ఇప్పటికీ 'బుర్జ్' అనే వస్తుంది.

కాంక్రీటును క్రేన్‌తో బకెట్లలో లేపారని చాలామంది అనుకుంటారు. కాదు. కింద నేల మీద పెట్టిన పంపులతో, పైపులో నేరుగా పైకి తోశారు. అవి జర్మనీలో తయారైన పుట్జ్‌మైస్టర్ పంపులు. 2007 నవంబరులో 600 మీటర్లు దాటి కాంక్రీటు పంపారు. అంత ఎత్తుకు ఒకే ఊపులో పంపడం అప్పటిదాకా ప్రపంచంలో ఎక్కడా జరగలేదు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

ఆ ఎత్తులో కింద హాపర్‌లో, అంటే పంపుకుండే తొట్టిలో, పోసిన కాంక్రీటు పైన బయటికి రావడానికి దాదాపు 40 నిమిషాలు పట్టేది. అంతసేపూ అది పైపులోనే ఉంటుంది. గట్టిపడకూడదు, కంకర ఒకవైపు, సిమెంటు పాలు ఒకవైపు విడిపోకూడదు. పైకి పోయేకొద్దీ కాంక్రీటులో వాడే కంకర సైజు కూడా తగ్గించుకుంటూ పోయారు. పైగా మామూలు కాంక్రీటు కాదు. మన ఇంటి స్లాబుకు ఎం20 వాడతాం కదా (అంకె ఎంత పెద్దదైతే కాంక్రీటు అంత బలం), అక్కడ గోడలకు, స్తంభాలకు వాడినదాంట్లో బలమైన రకం 80. అంటే నాలుగింతలు. అంత బలమైన మిక్సు వేడి కూడా ఎక్కువ పుట్టిస్తుంది.

ఇక బయటి వేడి సంగతి. దుబాయ్‌లో జూలై, ఆగస్టు అంటే 45 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో పడేసిన రాడ్డును గ్లౌజు లేకుండా పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అందుకే ఎండాకాలం కాంక్రీటు రాత్రిపూటే పోసేవాళ్లు, మిక్సులో నీళ్లకు బదులు కొంత ఐసు వేసేవాళ్లు. ఎత్తు గురించే అందరూ అడుగుతారు గానీ, నేను చూసినంతలో అక్కడ అసలు పోరాటం వేడితో, టైముతో.

ఒక రాత్రి బాగా గుర్తుంది. గోడ పోత ఉంది, మా గ్యాంగ్‌ని స్టాండ్‌బైలో ఉంచారు. కాంక్రీటు ఒత్తిడికి రాడ్డు ఎక్కడైనా కదిలితే వెంటనే సరిచేయాలి. పోత మొదలయ్యే ముందు పైన అంతా నిశ్శబ్దం, గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆర్మూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పైపు మీద అరచేయి పెట్టి నిలబడ్డాడు. కాసేపటికి "వస్తుంది తమ్మీ, చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. పెట్టాను. కింద పంపు ఒక్కో దెబ్బ కొట్టినప్పుడల్లా ఇక్కడ పైపు చిన్నగా ఉలిక్కిపడుతోంది, గుండె కొట్టుకున్నట్టు. ముందు సిమెంటు పాలు వచ్చాయి, పైపు లోపల జారుడు కోసం మొదట అవే పంపుతారు. తర్వాత బూడిదరంగు కాంక్రీటు వచ్చింది. ఊళ్లో తట్టలు అందించుకుంటూ స్లాబు పోసినవాణ్ని నేను. ఆ క్షణం నాకు ఒళ్లు జలదరించింది.

రాడ్ల పని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని గురించి ఎవరూ అడగరు. గోడల రాడ్లన్నీ పైన ఒక్కొక్కటిగా కట్టలేదు. కిందే పంజరాల్లా కట్టి, క్రేన్‌తో లేపి, పైన ఉన్న రాడ్లకు జోడించేవాళ్లం. పంజరం గాలిలో తిరుగుతూ వస్తుంటే తాళ్లతో పట్టి, కింద నిలబడ్డ రాడ్ల మధ్య సరిగ్గా దించాలి. వేలు పెట్టే సందు కూడా ఉండదు. గాలి పెరిగితే క్రేన్ ఆపేసేవాళ్లు, మేం కూర్చుని ఎదురుచూసేవాళ్లం. గోడల సెంట్రింగ్ అయితే తనంతట తాను జాకీలతో పైకి ఎక్కేది. ముందు మధ్య కోర్, అంటే భవనం నడుమ ఉండే గోడల గుంజ, ఆ వెనక మూడు రెక్కల గోడలు, చివర్లో రెక్కల కొసన ఉన్న స్తంభాలు. ఈ వరసలో మూడు రోజులకు ఒక అంతస్తు లేచిన రోజులు ఉన్నాయి.

ఆ మూడు రెక్కల్లోనే ఉంది కిటుకంతా. పైనుంచి చూస్తే భవనం ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది. మధ్య కోర్‌ను మూడు రెక్కలూ మూడువైపుల నుంచి ఆనుకుని నిలబెడతాయి. పైకి పోయేకొద్దీ రెక్కలు మెట్టు మెట్టుగా, చుట్టూ తిరుగుతూ సన్నబడతాయి. ఒక్కో ఎత్తులో ఒక్కో ఆకారం కాబట్టి గాలి సుడులు ఒకే లయలో భవనాన్ని ఊపలేవు. డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ ఏడ్రియన్ స్మిత్, స్ట్రక్చరల్ ఇంజనీర్ బిల్ బేకర్. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు తెలిసింది ఒకటే, సర్వే వాళ్లు గీసిన గీత తప్పకూడదు. ఎండ ఒకవైపు పడితే ఆ వైపు కాంక్రీటు సాగి, భవనం కొద్దిగా రెండోవైపుకి ఒరుగుతుంది. అంత ఎత్తు నుంచి కింది గుర్తులు చూసుకోవడం కుదరదు కాబట్టి పైన జీపీఎస్ పెట్టి, ఒరుగుదలను లెక్కగట్టి గీతలు గీసేవాళ్లు.

2007 జూలై 21న మా బుర్జ్, అప్పటిదాకా ప్రపంచంలో ఎత్తైన భవనమైన తైపీ 101ని దాటింది. అప్పటికి 141 అంతస్తులు. క్యాంపు టీవీలో వార్త చూసి కేరళవాళ్లు, పాకిస్తాన్‌వాళ్లు, మేము అందరం చప్పట్లు కొట్టాం. మర్నాడు మళ్లీ తెల్లారకముందే బస్సు.

మంచి మాటలే చెప్పి వదిలేస్తే తప్పవుతుంది. నేను ఏజెంటుకి 80 వేలు కట్టి వెళ్లాను, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు. ఓవర్‌టైమ్ కలిపినా నెలకు 900 దిర్హామ్‌లు రావడం కష్టం. అప్పు తీరడానికే ఏడాదిన్నర పట్టింది. నన్ను తీసుకెళ్లిన మ్యాన్‌పవర్ కంపెనీ రెండు నెలల జీతం ఆపి పెట్టింది, పాస్‌పోర్టు కూడా వాళ్ల దగ్గరే. 2006 మార్చిలో జీతాల మీద కోపంతో సైట్‌లో పెద్ద గొడవ జరిగింది, దాదాపు 2,500 మంది కదిలారు. కార్లు, ఆఫీసులు పగలగొట్టడం నాకు నచ్చలేదు. కానీ ఆ కోపం న్యాయమైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. పని రద్దీగా ఉన్నప్పుడు రోజుకు 12 వేల మంది చేసిన కట్టడం అది. వాళ్లకు చెప్పిన జీతం చెప్పిన రోజున ఇవ్వడం అంత పెద్ద విషయం కాదు.

కొస మీది స్టీలు శిఖరాన్ని హెలికాప్టర్‌తో పెట్టారని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, అది నిజం కాదు. భవనం లోపలే కట్టి జాకీలతో పైకి నెట్టారు. అప్పటికి నేను ఇంటికి వచ్చేశాను. నా కాంట్రాక్టు అయిపోయింది, అమ్మకు కూడా ఒంట్లో బాగాలేదు.

జెడ్డాలో కిలోమీటరు పైచిలుకు ఎత్తున టవర్ పని 2025 జనవరిలో మళ్లీ మొదలైంది. మా వైపు పిల్లలు నన్ను అడుగుతున్నారు, స్టీల్ ఫిక్సర్‌గా గల్ఫ్‌కు పోవచ్చా అని. పోండి, కానీ విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయిన ఏజెంటు అవునో కాదో ముందు చూసుకోండి. ఇంకోటి, బార్ బెండింగ్ షెడ్యూల్, అంటే ఏ రాడ్డు ఎంత పొడవు, ఎలా వంచాలో రాసిన పట్టిక, చదవడం ఇక్కడే నేర్చుకోండి. డ్రాయింగ్ చూసి రాడ్డు లెక్క చెప్పగలిగినవాడికీ, చెప్పింది కట్టేవాడికీ అక్కడ జీతంలో చాలా తేడా ఉంటుంది. నాకు అది రెండో ఏడాది చివర్లో ఒక మలయాళీ ఫోర్‌మ్యాన్ నేర్పాడు, పోత ఆలస్యమైన రాత్రుల్లో, సిమెంటు సంచి కాగితం మీద బొమ్మలు గీసి.